మబ్బులకు లెక్క కట్టిన మహనీయుడు – లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

ఉర్దూలో బాదల్ అన్నా, అబ్ర్ అన్నా, తెలుగులో మబ్బన్నా, మొయిలన్నా, మన పల్లెల్లో మొగులన్నా ఆ వస్తువు ఒక్కటే. దానికి రూపం ఉన్నదనడానికి వీలు లేదు. లేదనడానికీ వీలు లేదు. ప్రాచ్య కవులందరూ దానిని వర్ణించి వర్ణించి అలసిపోయినవారే. ఒకనాడు తరగతిలో వర్షర్తు వర్ణన బోధిస్తూండగా ఒక విద్యార్థి లేచి, కవిగారు మబ్బును మాటలతో కట్టారు సరే, పిల్లల యానిమేషన్ సినిమాలలో కనిపించే మబ్బులను ఎవరు కడుతున్నారు, వాటిని చేత్తో గీస్తారా, యంత్రమే గీస్తుందా అని ప్రశ్నించాడు. అతడు చూసినది పిక్సార్ సంస్థవారు 2009లో విడుదల చేసిన 'పార్ట్లీ క్లౌడీ' అనే పొట్టి చిత్రమట. అందులో కథానాయకుడే ఒక మబ్బు. తెలుగు ఉపన్యాసకుణ్ణి కాబట్టి నాకు వెంటనే సమాధానం తోచలేదు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుణ్ణి అడిగి, సెలవుల్లో నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఆ వెదుకులాటలో మాటిమాటికీ ఒక పేరు ఎదురైంది. సినిమాలతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. కంప్యూటరు అనే యంత్రం లోకంలోకి వచ్చేనాటికే ఆయన వృద్ధుడు. ఐనా ఈనాడు తెరమీద మబ్బును సృష్టించే పద్ధతులలోని ముఖ్యమైన ఊహలకు ఆయన జీవితంలో వేళ్లు కనిపిస్తాయి. ఆయనే లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11వ తేదీన ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని న్యూకాసిల్ నగరంలో జన్మించాడు. తండ్రి డేవిడ్ రిచర్డ్‌సన్ తోళ్ల పరిశ్రమ నడిపేవాడు. తల్లి కేథరిన్ ఫ్రై. ఏడుగురు సంతానంలో ఈయనే కడసారివాడు. వారిది క్వేకర్ కుటుంబం. క్వేకర్లంటే ఆడంబరాలను విసర్జించి, యుద్ధంలో ఏ పక్షానా ఆయుధం పట్టరాదని నమ్మే ఒక క్రైస్తవ శాఖవారు. ఈ విషయాన్ని పాఠకులు మనస్సులో ఉంచుకోవాలి. ఆయన జీవితంలోని ప్రతి మలుపులోనూ ఇది అడ్డుతగులుతుంది. యార్క్ పట్టణంలోని బూథమ్ పాఠశాలలో, అటుపిమ్మట న్యూకాసిల్‌లో చదివి, 1900లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించి, 1903లో ప్రకృతిశాస్త్రాలలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

తరువాతి పదేళ్లు ఆయన ఒకచోట నిలవలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొన్నాళ్లు, వేల్స్‌లోని కళాశాలలో కొన్నాళ్లు, విద్యుద్దీపాల కంపెనీలో కొన్నాళ్లు పనిచేశాడు. ఈ ఉద్యోగాల జాబితా మనకు అవసరం లేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. 1906-07 సంవత్సరాలలో ఆయన పీట్ అనే బురదబొగ్గును తవ్వితీసే సంస్థలో రసాయనికుడుగా ఉన్నాడు. నేలలో ఊరిన నీరు బయటకు పోవాలంటే కాలువలు ఎక్కడ, ఎంత ఎడంగా తవ్వాలి అన్నది అక్కడి సమస్య. నీరు నేలలో పారే తీరుకు సమీకరణాలు ఉన్నవి. కాని వంకరటింకర నేలకు వాటిని సాధించడం నాటి గణితజ్ఞుల వల్ల కూడా కాలేదు. రిచర్డ్‌సన్ ఒక ఉపాయం పన్నాడు. నేలనంతా చదరంగం బల్లమీది గళ్లవలె విభజించుకున్నాడు. ఒక్కొక్క గడికి ఒక్కొక్క సంఖ్య. ప్రతి గడి విలువనూ దాని ఇరుగుపొరుగు గళ్ల విలువలనుండి కూడికలు, తీసివేతలు, గుణకారాలతో రాబట్టవచ్చును. ఉన్నత గణితం చేయలేని పనిని ఓపిక గల గుమాస్తా చేయగలడన్నమాట. ఈ పద్ధతితోనే ఆయన రాతి ఆనకట్టలో కలిగే ఒత్తిళ్లను లెక్కించి, ఆ వ్యాసాన్ని 1911లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. గళ్లు కట్టే ఈ విద్య మొదట ఎవరికీ గొప్పగా తోచలేదు. దీనిని ఆధారం చేసుకొని ఆయన కోరిన కళాశాల ఫెలోషిప్ కూడా దక్కలేదు.

1909లో ఆయన డోరతీ గార్నెట్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రి విలియం గార్నెట్ పేరొందిన విద్యావేత్త. ఆ దంపతులకు సంతానం కలుగలేదు. 1920 తరువాత ఇద్దరు మగపిల్లలను, ఒక ఆడపిల్లను దత్తత తీసుకొని పెంచుకున్నారు.

1912 ఏప్రిల్ 15వ తేదీ తెల్లవారుజామున టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిపోయిన సంగతి అందరికీ తెలిసినదే. వారం తిరగకముందే రిచర్డ్‌సన్ ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి మంచుకొండ ఉనికిని కనుక్కొనే సాధనానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మరుసటి నెలలో అదే పద్ధతిని నీటి అడుగున వాడేందుకు మరొక దరఖాస్తు పెట్టాడు. కొన్నేళ్ల తరువాత ఇతరులు సాధించిన సోనార్ యంత్రానికి మూలసూత్రం ఇదే. ఐతే దానిని తయారుచేయడానికి పెట్టుబడిదారు ఎవరూ ముందుకు రాలేదు. ఆ రోజుల్లో ఆయన ఒక చిన్న పడవలో కూర్చొని, చేతిలో గొడుగు తెరిచి పట్టుకొని, ఈల ఊదుతూ, ఒడ్డునుండి వచ్చే ప్రతిధ్వనిని గొడుగుతో పట్టి వినే ప్రయత్నం చేశాడట. చూసినవారు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చును.

1913లో బ్రిటిషు వాతావరణ శాఖ ఆయనను స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధిపతిగా నియమించింది. ఊరికి దూరంగా, ఎప్పుడూ తడితడిగా ఉండే కొండప్రదేశం. అక్కడ ఆయనకు తన గళ్ల లెక్కను ఆకాశానికి అన్వయించాలనే తలంపు కలిగింది. నాటి వాతావరణ సూచనలు ఏ విధంగా తయారయ్యేవంటే, పాత పటాలన్నీ ముందేసుకొని, ఈరోజు పటం వంటిది ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా అని వెదికి, అప్పుడు ఏం జరిగిందో ఇప్పుడూ అదే జరుగుతుందని చెప్పేవారు. మన పెద్దలు చీమల బారులను చూసి వాన చెప్పడానికీ దీనికీ తేడా కొద్దిపాటిదే. రిచర్డ్‌సన్‌కు ఇది నచ్చలేదు. గాలికి బరువున్నది, వేడి ఉన్నది, తేమ ఉన్నది, కదలిక ఉన్నది. వీటి నియమాలు భౌతికశాస్త్రానికి తెలుసు. కనుక ఇప్పటి స్థితి తెలిస్తే రాబోయే స్థితిని లెక్కకట్టవచ్చునుగదా అని ఆయన వాదం. నార్వే శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బ్యర్క్‌నెస్ అంతకుముందే ఈ మాట సిద్ధాంతంగా చెప్పి ఉన్నాడు. చేసి చూపడానికి పూనుకున్నవాడు రిచర్డ్‌సన్.

ఇంతలో మొదటి ప్రపంచ సంగ్రామం వచ్చిపడింది. ప్రభుత్వ శాస్త్రజ్ఞుడుగా ఆయన ఎస్క్‌డేల్‌మ్యూర్‌లోనే సురక్షితంగా ఉండిపోవచ్చును. కాని తోటివారు యుద్ధభూమిలో నేలకూలుతుండగా తాను కొండమీద కూర్చొని ఉష్ణమాపకాలు చదువుకోవడం ఆయన అంతరాత్మకు సరిపడలేదు. తుపాకి పట్టడం మతరీత్యా కుదరదు. 1916లో ఉద్యోగానికి రాజీనామా చేసి, క్వేకర్లు నడిపే అంబులెన్సు దళంలో చేరి, ఫ్రాన్సులో ఒక పదాతి సేనావిభాగం వెంట గాయపడినవారిని మోసే మోటారు బండి నడిపాడు. తరువాతి కాలంలో నవలాకారుడుగా ప్రసిద్ధికెక్కిన ఓలాఫ్ స్టేపుల్డన్ అదే దళంలో ఆయన సహచరుడు.

ఫిరంగుల మోత నడుమ, విశ్రాంతి దొరికినప్పుడు, చలిగదిలో ఎండుగడ్డి కుప్పమీద కూర్చొని ఆయన ప్రపంచంలోనే మొట్టమొదటి గణిత వాతావరణ సూచన లెక్క చేశాడు. ఎంచుకున్న రోజు 1910 మే 20. ఆనాటి ఉదయం 7 గంటలకు మధ్య యూరపు మీది గాలి స్థితిని బ్యర్క్‌నెస్ ప్రచురించిన పటాలనుండి తీసుకున్నాడు. ఆకాశాన్ని సుమారు 200 కిలోమీటర్ల గళ్లుగా, ఎత్తులో 5 పొరలుగా విభజించాడు. లెక్క తప్పిపోకుండా 23 రకాల పట్టికలు రూపొందించుకున్నాడు. ఆరు గంటల మార్పును లెక్కకట్టడానికి ఆరు వారాలు పట్టిందని ఆయనే రాసుకున్నాడు. 1917లో షాంపేన్ యుద్ధ సమయంలో ఈ రాతప్రతిని వెనుకకు పంపగా అది ఎక్కడో తప్పిపోయింది. కొన్ని నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గుల కుప్ప కింద దొరికింది. దొరకకపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే కలిగేది కాదు.

ఫలితం ఏమైంది? ఘోరంగా తప్పింది. ఆరు గంటలలో గాలిపీడనం 145 మిల్లీబార్లు పెరగాలని లెక్క తేలింది. నిజానికి ఆనాడు పీడనం దాదాపు కదలనే లేదు. పెనుతుపాను నడిగుండంలో కూడా పీడనం మామూలుకంటె వంద మిల్లీబార్లు తేడాపడటం అరుదు. అటువంటిది ప్రశాంతమైన ఒక వేసవి ఉదయాన ఇంత మార్పంటే నవ్వు రాకతప్పదు. ఇంకొకరైతే ఆ కాగితాలను తిరిగి బొగ్గుల కుప్పలోనే పారవేసి ఉందురు. ఆయన తప్పును దాచలేదు. 1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం వెలువరించిన తన గ్రంథంలో పద్ధతినీ, లెక్కనూ, తప్పునూ పూసగుచ్చినట్లు అచ్చువేయించాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనానికి ఇదొక్కటే చాలు. తప్పు సూత్రంలో లేదు, ప్రారంభంలో తీసుకున్న గాలుల కొలతలలో ఉన్నదని ఆయన అనుమానించాడు. అది నిజమేనని తరువాత తేలింది. సముద్రపు పోటును కొలవబోయి అలలమీది చిరుకెరటాలను కొలిచినట్లయింది ఆయన పని. ఐర్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ ఆ మొదటి కొలతలలోని కెరటాలను సరిచేసి, రిచర్డ్‌సన్ పద్ధతినే తిరిగి నడపగా, ఆరు గంటల మార్పు ఒక మిల్లీబారు లోపే వచ్చింది.

ఆ గ్రంథంలో ఒక విచిత్ర కల్పన ఉన్నది. సాహిత్య విద్యార్థిగా నన్ను అన్నిటికంటె ఆకర్షించింది అదే. లెక్క వేగంగా సాగాలంటే మనుషులు కావాలిగదా! (ఆ రోజుల్లో కంప్యూటరు అంటే లెక్కలు కట్టే మనిషి అని అర్థం.) బ్రహ్మాండమైన ఒక నాటకశాల. గుండ్రని గోడలమీద లోపలివైపున భూగోళ పటం చిత్రించి ఉంటుంది. పైకప్పు ఉత్తరధ్రువం, కింది నేల దక్షిణధ్రువం. మధ్యనున్న మెట్ల వరుసలలో 64,000 మంది కూర్చొని, ఒక్కొక్క గుంపు తన ముందున్న భూభాగపు వాతావరణాన్ని లెక్కిస్తూ, ఫలితాన్ని ఇరుగుపొరుగు గుంపులకు అందిస్తూంటుంది. నట్టనడుమ ఎత్తైన స్తంభంమీద పర్యవేక్షకుడు. ముందుకు ఉరికేవారిమీద గులాబి కాంతినీ, వెనుకబడినవారిమీద నీలి కాంతినీ ప్రసరింపజేసి అందరినీ ఒకే తాళంలో నడిపిస్తాడు. బయట ఆటస్థలాలు, ఇళ్లు, కొండలు, చెరువులు. వాతావరణాన్ని లెక్కించేవారు స్వచ్ఛమైన గాలి పీల్చవద్దా అని ఆయన ఉద్దేశం. ఈనాడు ఒక యానిమేషన్ చిత్రం తయారుకావాలంటే వేలకొద్దీ కంప్యూటర్లు ఒకేచోట వరుసలు తీరి, సెకనుకు 24 బొమ్మల చొప్పున, పని పంచుకొని రాత్రింబవళ్లు లెక్కలు కడతాయి. చదివినప్పుడు నాకు ఆ నాటకశాలే కళ్లకు కట్టింది.

యుద్ధం ముగిశాక రిచర్డ్‌సన్ వాతావరణ శాఖకు తిరిగి వచ్చి, బెన్సన్ అనేచోట పనిచేశాడు. గాలి ఎప్పుడు నెమ్మదిగా పారుతుంది, ఎప్పుడు సుడులు తిరుగుతుంది అని తేల్చే ఒక సంఖ్యను కనుగొన్నాడు. దానిని నేటికీ శాస్త్రజ్ఞులు రిచర్డ్‌సన్ సంఖ్య అనే వ్యవహరిస్తారు. ఇంతలో వాతావరణ శాఖను విమానదళ మంత్రిత్వశాఖ కిందికి చేర్చారు. సైన్యంతో సంబంధమున్న శాఖలో కొనసాగడం ఇష్టంలేక 1920లో మళ్లీ రాజీనామా! ప్రాణప్రదమైన విద్య, భార్యా పిల్లల పోషణ, చేతిలో ఉన్న ఉద్యోగం ఒకవైపు, మనస్సాక్షి ఒకవైపు. ఆయన ఎటు మొగ్గాలో ఎక్కువ ఆలోచించినట్లు కనబడదు. లండన్‌లో ఉపాధ్యాయులను తయారుచేసే ఒక శిక్షణ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించడానికి కుదురుకున్నాడు. విశ్వవిద్యాలయ ఆచార్య పదవి ఆయనకు జీవితంలో ఎన్నడూ లభించలేదు.

ఆ కళాశాలలో ఉంటూనే, జీతం తెచ్చే బోధన అయిపోయిన తరువాతి వేళల్లో, మన ప్రస్తుతాంశానికి అత్యంత ముఖ్యమైన పరిశోధన చేశాడు. గాలిలో పెద్ద సుడి ఉంటుంది. అది తన శక్తిని చిన్న సుడులకు పంచుతుంది. ఆ చిన్నవి ఇంకా చిన్నవాటికి పంచుతాయి. ఇట్లా పోయి పోయి చివరకు ఆ కదలికంతా గాలి జిగటలో వేడిగా కరిగిపోతుంది. 1922 గ్రంథంలో ఈ ఊహను ఆయన ఒక ఆంగ్ల హాస్యపద్యాన్ని అనుకరిస్తూ చిన్న చరణాలలో ఇమిడ్చాడు. 1926లో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో ఒక వింత ప్రశ్న వేశాడు: అసలు గాలికి ఇంత అని ఒక వేగమున్నదని చెప్పగలమా? ఎంత దగ్గరగా చూస్తే అంత కొత్త వణుకు కనిపిస్తూంటే, ఏ క్షణపు వేగాన్ని వేగమనాలి? గాలిలో ఒకదానినుండి ఒకటి దూరమయ్యే రెండు పొగరేణువుల ఎడం పెరిగినకొద్దీ, అవి చెదిరే జోరు ఆ ఎడానికి 4/3 ఘాతంలో పెరుగుతుందని లెక్క చూపాడు. సిగరెట్టు పొగకూ, తుపానుకూ వర్తించే ఒకే నియమమది. 1941లో రష్యను గణితజ్ఞుడు కొల్మొగొరొవ్ ఈ సుడుల పరంపరకు గట్టి గణితరూపం ఇచ్చాడు.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు రావచ్చును. మబ్బును కంప్యూటరులో కట్టడం ఎందుకు కష్టం? ఇంటికి గోడలున్నవి, బంతికి ఉపరితలమున్నది. వాటిని గీతలతో, త్రికోణాలతో కట్టవచ్చు. మబ్బుకు అంచు లేదు. దూరాన చూస్తే దూది కుప్ప. దగ్గరికి పోతే ఆ కుప్పలో కుప్పలు, వాటిలో మరిన్ని కుప్పలు. నున్నని గుండ్రని మబ్బును చూడగానే ఇది దొంగమబ్బని పసిపిల్లవాడైనా కనిపెడతాడు. 1982లో 'ట్రాన్' చిత్రానికి పనిచేసిన కెన్ పెర్లిన్ అనే యువకుడు, కంప్యూటరు బొమ్మలన్నీ యంత్రంలోనుంచి ఊడిపడ్డట్టు ఉంటున్నాయని విసుగుచెంది, ఒక కొత్త పద్ధతి కనిపెట్టి 1985లో ప్రకటించాడు. దాని సారాంశం ఇంతే. మొదట పెద్దపెద్ద మెల్లని హెచ్చుతగ్గులను అడ్డదిడ్డంగా వేయాలి. వాటిమీద సగం పరిమాణం గల హెచ్చుతగ్గులను, బలం తగ్గించి కలపాలి. వాటిమీద మళ్లీ సగం. ఇట్లా ఆరేడు పొరలు కలిపేసరికి మబ్బు, పొగ, చలువరాతి చారలు ప్రత్యక్షమవుతాయి. పెద్ద సుడిలో చిన్న సుడి, దానిలో ఇంకా చిన్న సుడి. రిచర్డ్‌సన్ చెప్పిన వరుస ఇదేగదా! పెర్లిన్ ఆయన గ్రంథం చూసి ఈ పని చేశాడని నేననడం లేదు. ప్రకృతి ఒకటే కనుక ఇద్దరూ ఒకే ద్వారం తట్టారు. ఈ కృషికి పెర్లిన్‌కు 1997లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. 1993లో టొరాంటోకు చెందిన జోస్ స్టామ్, యూజీన్ ఫ్యూమ్ మాత్రం పొగనూ మేఘాలనూ కదిలించడానికి కొల్మొగొరొవ్ లెక్కనే తెలిసి తెలిసి వాడారు. గాలి కదలికలను గళ్లలో నింపి, గడి వెంట గడిగా లెక్కించి పొగను పారించే పద్ధతి కూడా ఆ తరువాత యానిమేషన్‌లో వ్యాపించింది. బురదబొగ్గు కాలువల దగ్గర మొదలైన గళ్లు అక్కడిదాకా వెళ్లాయి.

రూపం ఒక్కటే చాలదు, వెలుతురు కావాలి. మబ్బులోని కోటానుకోట్ల నీటి తుంపరలమీద సూర్యకిరణం పడి, ఒకదానినుండి ఒకదానికి ఎగిరి ఎగిరి బయటపడుతుంది. అందుకే మబ్బు లోపలినుండి వెలుగుతున్నట్లు తెల్లగా ఉంటుంది, అడుగున నల్లబడుతుంది. ఈ చెదరుడు లెక్కకు శాస్త్రజ్ఞులు ఆశ్రయించిన గ్రంథం మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1950లో నక్షత్రాల కాంతిని గురించి రాసినది. లాహోరులో పుట్టి, మద్రాసులో చదివిన ఆ మహాశయుని సమీకరణాలు 1980లలో అమెరికాలో బొమ్మల మబ్బులకు వెలుగు పోశాయి. 1984లో కజియా, వాన్ హెర్జెన్ అనేవారు ఆ వెలుగు లెక్కను మేఘాలకు అన్వయించి చూపారు. ఆ లెక్క ఎంత బరువైనదంటే, 2017లో కూడా డిస్నీ పరిశోధకులు దానిని తేలిక చేసే ఉపాయాలకోసం శ్రమిస్తూనే ఉన్నారు.

తిరిగి రిచర్డ్‌సన్ వద్దకు. 1926లో ఆయనను రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకున్నారు. శాస్త్రజ్ఞునికి అంతకంటె గౌరవం లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు ఒక సంగతి తెలియవచ్చింది. పొగ గాలిలో ఏ విధంగా చెదిరిపోతుందో చెప్పే తన సూత్రాలమీద విషవాయు యుద్ధ నిపుణులు ఆసక్తి చూపుతున్నారు! యుద్ధభూమిలో గాయపడినవారిని స్వయంగా మోసినవాడు ఆయన. ఆ విషయాన్ని ఇక తాకనని నిశ్చయించుకొని, అచ్చుకాని తన పరిశోధన కాగితాలను నాశనం చేశాడు. ఆ బాధ ఎంతటిదో ఆయన భార్య తరువాత చెప్పుకున్నది. ఒక మనిషి యౌవనమంతా ధారపోసి కట్టిన ఇంటిని తనచేతులతోనే కూల్చడం చరిత్రలో తరచు జరిగే పని కాదు. ఇది సరియైన పనేనా అని విద్యార్థులు వాదించుకోవచ్చును. అదే విద్య తుపాను హెచ్చరికకూ పనికివస్తుందిగదా అనేవారికి కూడా న్యాయం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి మన పెద్దలకు మరపురానిది. నేడు బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అది ఎటు పోతుందో లెక్కకట్టేది ఆ గళ్ల పద్ధతి సంతానమే.

ఆయన మాత్రం మరో దారి పట్టాడు. నలభై ఏళ్లు దాటిన వయస్సులో మళ్లీ విద్యార్థియై మనస్తత్వశాస్త్రం చదివి, 1929లో లండన్ విశ్వవిద్యాలయం పట్టా పొందాడు. ఆ సంవత్సరమే స్కాట్లండులో పెయిస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లాడు. కళాశాల పాలన, పాఠాలు, కమిటీ సమావేశాలు. మిగిలిన కొద్ది సమయంలో యుద్ధాలమీద పరిశోధన. గాలికి సమీకరణాలున్నట్లే కలహానికీ ఉండవా అని ఆయన ప్రశ్న. ఒక దేశం ఆయుధాలు పెంచితే భయపడి రెండవ దేశం పెంచుతుంది. దానిని చూసి మొదటి దేశం ఇంకా పెంచుతుంది. ఖర్చు భారం కొంత వెనక్కి లాగుతుంది. ఈ మూడింటినీ సమీకరణాలలో కూర్చి, ఏ పరిస్థితిలో ఆయుధ పోటీ అదుపు తప్పుతుందో చూపాడు. 1940లో, పూర్తి పదవీకాలం ముగియకముందే, ఈ పనికోసమని ఉద్యోగం వదులుకున్నాడు. 1943లో కిల్మన్ అనే సముద్రతీర గ్రామానికి చేరి, 1820 నాటినుండి జరిగిన యుద్ధాలన్నిటినీ, చచ్చినవారి సంఖ్యలతో సహా, జాబితా కట్టడం మొదలుపెట్టాడు. రాసిన రెండు పెద్ద గ్రంథాలను ప్రచురించేవారు దొరకక మైక్రోఫిల్ముమీద తానే ప్రతులు తీయించుకున్నాడు.

గాలిని పూర్తిగా మరచిపోయాడా అంటే, లేదు. ముల్లంగి వంటి పార్స్‌నిప్ దుంపలను ముక్కలు కోసి, జంటలు జంటలుగా సముద్రంలోకి విసిరి, అవి ఒకదానినుండి ఒకటి ఎట్లా విడిపోతున్నాయో అమెరికా శాస్త్రజ్ఞుడు హెన్రీ స్టామెల్‌తో కలిసి కొలిచాడు. గాలిలో దొరికిన 4/3 నియమమే నీటిలోనూ దొరికింది. ఆ వ్యాసం 1948లో అచ్చయింది. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు.

1950లో అమెరికాలో జూల్ చార్నీ, వాన్ నాయ్‌మన్ మొదలైనవారు ఎనియాక్ అనే యంత్రంమీద మొదటిసారిగా సఫలమైన వాతావరణ లెక్క చేశారు. ఒక రోజు సూచనకు దాదాపు ఒక రోజు పట్టింది. చార్నీ ఆ ఫలితాలను వృద్ధుడైన రిచర్డ్‌సన్‌కు పంపాడు. ఆయన వాటిని భార్య ముందు పరచి, లెక్కతో వచ్చిన పటం అసలు పటానికి దగ్గరగా ఉన్నదా, లేక నిన్నటి పటమే రేపూ ఉంటుందనుకుంటే దగ్గరగా ఉన్నదా చెప్పమన్నాడట. మొత్తంమీద లెక్క స్వల్పంగా గెలిచిందని ఆమె తీర్పు. దానిని కూడా ఆయన అభినందనలతోబాటు చార్నీకి రాసి పంపాడు.

1953 సెప్టెంబరు 30న ఆయన కిల్మన్‌లో, నిద్రలోనే కన్నుమూశాడు. యుద్ధాల గ్రంథాలు రెండూ 1960లో గాని ముద్రణకు నోచుకోలేదు. ఆ పరిశోధనకే అనుబంధంగా రాసుకున్న ఒక వ్యాసం 1961లో వెలువడింది. రెండు దేశాల సరిహద్దు ఎంత పొడవైతే అంత కలహం కలుగుతుందా అని చూడబోయి, ఆయన సరిహద్దుల పొడవులు సేకరించాడు. స్పెయినువారు తమ పోర్చుగల్ సరిహద్దు 987 కిలోమీటర్లు అంటారు. పోర్చుగల్‌వారు అదే సరిహద్దును 1,214 అంటారు. ఎవరూ అబద్ధమాడలేదు. వృత్తలేఖిని కాళ్లు ఎంత దగ్గరగా పెట్టి కొలిస్తే వంపులు అన్ని ఎక్కువ లెక్కకు వచ్చి, పొడవు అంత పెరుగుతుంది. బ్రిటన్ పడమటి తీరాన్ని కూడా ఆయన ఇట్లాగే కొలిచి చూపాడు. ఆ వ్యాసం బెన్వా మాండెల్‌బ్రాట్ కంటపడింది. 1967లో ఆయన బ్రిటన్ తీరం పొడవెంత అనే శీర్షికతో ప్రసిద్ధమైన వ్యాసం రాసి, 1975లో ఇటువంటి ఆకారాలకు ఫ్రాక్టల్ అని పేరుపెట్టాడు. 1982లో షాన్ లవ్‌జాయ్ హిందూమహాసముద్రంమీది ఉపగ్రహ చిత్రాలలో మేఘాల విస్తీర్ణాన్నీ, చుట్టుకొలతనూ పోల్చి, ఒక చదరపు కిలోమీటరు మబ్బుకూ, పది లక్షల చదరపు కిలోమీటర్ల మబ్బుకూ అంచులోని వంకరతనం ఒకటేనని నిరూపించాడు. ఆ ఏడాదినుండే సినిమాలలో ఫ్రాక్టల్ కొండలు కనిపించసాగాయి. మబ్బులు వాటి వెంట వచ్చాయి.

కిల్మన్‌లోని రిచర్డ్‌సన్ ఇల్లు సముద్రపు పాయ ఒడ్డున ఉన్నది. ఆ ప్రాంతపు తీరమంతా పాయలుగా, పాయలలో పాయలుగా చీలి ఉంటుంది. పైన ఎక్కువ కాలం మబ్బే.